నాలుగు లక్షలా, లక్షన్నరా: ఒక పెళ్లి స్టూడియో లెన్సుల లెక్క

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణం. అక్కడ అన్నదమ్ములిద్దరు నడిపే పెళ్లిళ్ల ఫోటో స్టూడియో. రెండు సోనీ ఏ7 త్రీ బాడీలు (లెన్స్ లేని కెమెరాలు) ఉన్నాయి. ఒకదానికి బాడీతో పాటు వచ్చిన 28-70 ఎఫ్/3.5-5.6 కిట్ లెన్స్, రెండోదానికి 50 ఎఫ్/1.8, ఇద్దరికీ కలిపి ఒక గోడాక్స్ ఫ్లాష్. (28-70 లాంటివి మి.మీ.లో లెన్స్ రేంజ్; అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరికి వస్తుంది. ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు రానిస్తుంది.) ముహూర్తం ఫోటోల్లో గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) ఎక్కువగా ఉంటోందని, కొన్నిట్లో చేతులు చెదిరిపోయాయని పెళ్లివాళ్ల నుంచి మాట వస్తోంది. దీనికి వాళ్లు అనుకున్న మందు సోనీ 24-70 ఎఫ్/2.8 జీఎం టూ, 70-200 ఎఫ్/2.8 జీఎం టూ (జీఎం అంటే సోనీలో ఖరీదైన లెన్సుల వరస). రెండూ కలిపి కొటేషన్ నాలుగు లక్షలు దాటింది. ఈఎంఐ కాగితాలు కూడా సిద్ధమయ్యాక, సంతకం పెట్టేముందు ఒకసారి లెక్క చూడమని మా దగ్గరికి వచ్చారు. చివరికి అయిన ఖర్చు లక్షన్నర లోపే. ఏది ఎందుకు కొన్నారు, ఏది ఎందుకు ఆపారు, కొన్నాక ఎక్కడ తేడా కొట్టింది అన్నది వరసగా రాస్తున్నాం.

ముందు పారేసిన ఫోటోలు చూడాలి

లెన్స్ కొనాలనుకునేవాళ్లు సాధారణంగా తమ మంచి ఫోటోలను వేరేవాళ్ల మంచి ఫోటోలతో పోల్చుకుంటారు. దానివల్ల కోరిక పెరుగుతుంది, కారణం తెలియదు. కారణం తెలిసేది ఎడిటింగ్‌లో ఏరి పక్కన పడేసిన ఫోటోల్లోనే. అందుకే గత సీజన్‌లోని నాలుగు పెళ్లిళ్ల రా ఫైళ్లను (కెమెరా దాచిన అసలు ఫైళ్లను), ఏరేసినవాటితో సహా, ఫోటోల సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో తెరిచాం. లైబ్రరీ ఫిల్టర్‌లో మెటాడేటా మీద నొక్కితే నాలుగు కాలమ్‌లు వస్తాయి. వాటి హెడ్డింగ్‌లను ఫోకల్ లెంగ్త్ (మి.మీ. అంకె), అపర్చర్ (ఎఫ్ అంకె), షట్టర్ స్పీడ్ (వెలుగు ఎంతసేపు పడింది), ఐఎస్‌ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచింది; ఇది పెరిగితే గ్రెయిన్ పెరుగుతుంది) అని మార్చుకుంటే ఏ నంబరు దగ్గర ఎన్ని ఫోటోలున్నాయో పక్కనే కనపడుతుంది.

డెలివరీ చేసిన ఫోటోల్లో ఎక్కువ భాగం 28 నుంచి 50 మి.మీ. మధ్యలోనే ఉన్నాయి. 70 దగ్గర ఒక చిన్న గుట్ట ఉంది. జూమ్ రేంజ్ చివర్లో ఇలా ఫోటోలు పోగుపడితే ఇంకా దగ్గరికి లాగాలనుకుని లాగలేకపోయారని అర్థం. అయితే దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. ఆ ఫోటోలను తర్వాత ఎంత క్రాప్ చేశారో కూడా చూడాలి. ఇక్కడ చాలావాటికి క్రాప్ 1.5 రెట్లు దాటలేదు. 24 మెగాపిక్సెల్ ఫైలును అంత కోస్తే పది మెగాపిక్సెళ్ల పైచిలుకు మిగులుతుంది. 12×18 అంగుళాల ఆల్బమ్ పేజీకి అంగుళానికి 222 పిక్సెళ్ల లెక్కన సరిపోతుంది. అంటే 70-200 అవసరం వాళ్లు అనుకున్నంత పెద్దది కాదు.

తర్వాత పారేసినవాటిని నూరు శాతం జూమ్‌లో ఒక్కొక్కటే చూసి కారణం రాసుకున్నాం. పెళ్లికూతురి మెడలో హారం గింజలు స్పష్టంగా ఉండి, పెళ్లికొడుకు వేళ్లు మాత్రమే సాగిపోతే అది షట్టర్ స్పీడ్ చాలక వచ్చిన చెదురు. ఫ్రేమ్ మొత్తం ఒకే దిక్కుకు సాగితే కెమెరా కదిలింది. ముఖం మెత్తగా ఉండి వెనకాల పూలదండ పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. అడ్డంగా నల్లటి చారలు కనపడితే ఎల్‌ఈడీ లైట్ల ఫ్లికర్. ఈ నాలుగింటికీ బయటినుంచి చూస్తే పేరు ఒకటే, ‘షార్ప్‌గా లేదు’. మందులు మాత్రం వేరు.

అన్నిటికంటే ఎక్కువగా కనపడింది మొదటి రకం. జీలకర్ర-బెల్లం, మూడుముళ్లు, తలంబ్రాలు, అన్నీ 70 మి.మీ. దగ్గర ఎఫ్/5.6తో, 1/60 సెకనుకు, ఐఎస్‌ఓ 6400 నుంచి 12800 మధ్య తీసినవి. బాడీలో ఉన్న స్టెబిలైజర్ కెమెరా కదలికను ఆపుతుంది కానీ తలంబ్రాలు పోసే చేతిని ఆపలేదు. దానికి కనీసం 1/250 కావాలి. 1/60 నుంచి 1/250కి వెళ్లడమంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది, లేదా రెట్టింపవుతుంది). ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2.8కి రావడమూ సరిగ్గా రెండు స్టాపులే. ఐఎస్‌ఓ పెంచకుండా ఈ లోటు పూడేది వెడల్పాటి అపర్చర్ ఉన్న జూమ్‌తోనే. ఇది నిజంగా లెన్స్ సమస్య.

పైసా ఖర్చు లేకుండా పోయినవి

ఫోకస్ తప్పిన ఫోటోల్లో సగానికి పైగా ఒకే బాడీ నుంచి వచ్చాయి. చూస్తే దాని ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) పాతది. ఏ7 త్రీకి 2019 ఏప్రిల్‌లో 3.00 వెర్షన్ వచ్చింది. దాంతోనే షట్టర్ బటన్ సగం నొక్కితే కన్ను తనంతట తాను పట్టుకునే రియల్ టైమ్ ఐ ఏఎఫ్ వచ్చింది. అంతకుముందు దానికోసం వేరే బటన్ నొక్కి పట్టుకోవాలి. ముహూర్తం హడావుడిలో ఆ బటన్ ఎవరికి గుర్తుంటుంది? అప్‌డేట్ చేసి, ఏఎఫ్-సీ (కదిలే మనిషిని వెంటాడే ఫోకస్) పెట్టి, ఫోకస్ ఏరియా వైడ్‌లో ఉంచి, ఫేస్ ప్రయారిటీ ఆన్ చేశాక తర్వాతి పెళ్లిలోనే ఈ రకం తప్పులు బాగా తగ్గాయి.

రెండోది ఎల్‌ఈడీ చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. సైలెంట్ షట్టర్ వాడితే చారలు చాలా తేలిగ్గా పడతాయి, ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా పడతాయి. మెకానికల్ షట్టర్‌కు మారి, మెనూలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే చాలా వరకు పోతాయి. కదలిక లేని ఫోటోలకు 1/100 వాడుకోవచ్చు.

మూడోది స్టేజీ వెనకాల ఎల్‌ఈడీ వాల్ ఉన్నప్పుడు ఫ్రేమ్‌లో తేలే వెలుగు చుక్కలు. ఆ చుక్క, అసలు లైటు, ఫ్రేమ్ మధ్యబిందువు ఒకే గీత మీద ఉండి, రెండూ మధ్య నుంచి సమాన దూరంలో ఉంటే తప్పు చాలావరకు ముందున్న చవక యూవీ ఫిల్టర్‌దే. రెండు లెన్సులకూ ఫిల్టర్లు తీయించి హుడ్ (లెన్స్ ముందు తొడిగే అంచు) పెట్టించాం. లెన్స్‌ను దెబ్బ నుంచి కాపాడటానికి ఫిల్టర్ కంటే హుడ్డే నయం.

ఎఫ్/2.8 జూముల్లో ఏది

ఇక మిగిలిన అసలు సమస్యకు మూడు దారులు. సోనీ 24-70 జీఎం టూ, సిగ్మా 24-70 ఎఫ్/2.8 ఆర్ట్, టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 జీ2. ఖరీదు చూస్తే టామ్రాన్ ఆ రోజు కొటేషన్‌లో డెబ్బై అయిదు వేల దగ్గర, జీఎం దానికి రెండున్నర రెట్లు. మూడూ ఇచ్చే వెలుగు ఒక్కటే. ఎఫ్/2.8 అంటే ఎవరు చేసినా ఎఫ్/2.8.

జీఎం టూ మంచి లెన్స్, అందులో సందేహం లేదు. అంచుల దాకా పదును, వేగంగా పట్టే ఫోకస్, అపర్చర్ రింగ్, 695 గ్రాముల బరువు. కానీ ఆ అదనపు డబ్బు ఈ స్టూడియోలో ఎక్కడ తేలుతుందో చూడాలి. వీళ్ల ఆల్బమ్ 12×36 షీటు, అంటే పేజీ 18 అంగుళాలు. 6000 పిక్సెళ్ల ఫైలు ఆ పేజీకి అంగుళానికి 333 పిక్సెళ్ల చొప్పున వస్తుంది. ఆ సైజులో ఎఫ్/2.8 దగ్గర మూలల్లో ఉండే తేడా ప్రింటులో కనపడాలంటే మూలలో ముఖ్యమైనదేదో ఉండాలి. పెళ్లి మండపంలో అక్కడుండేది అరటిబోదె, లేదా వీడియో అతని భుజం. అదే ఐఎస్‌ఓ 12800 గ్రెయిన్‌ను నాయిస్ రిడక్షన్‌తో తుడిస్తే చెంపలు మైనం బొమ్మలా నున్నగా అయిపోయి పేజీ మధ్యలోనే కనపడతాయి. వీళ్ల కస్టమర్లు చెబుతున్నది ఈ రెండో సంగతి. దానికి టామ్రాన్ చాలు.

స్పీడ్ గురించి ఒక మాట. ఏ9, ఏ1 లాంటి బాడీల మీద వేరే కంపెనీ లెన్స్ పెడితే సెకనుకు 15 ఫ్రేముల దగ్గర ఆగిపోతుంది. ఏ7 త్రీ ఎలాగూ పది ఫ్రేములే తీస్తుంది కాబట్టి ఈ పరిమితి వీళ్లకు తగలదు. రెండేళ్లలో ఏ1కి మారే ఆలోచన ఉంటే లెక్క వేరుగా ఉండేది.

అసలు తర్జనభర్జన జరిగింది 24, 28ల దగ్గర. నాలుగు మీటర్ల దూరం నుంచి 24 మి.మీ.తో ఆరు మీటర్ల వెడల్పు పడుతుంది, 28తో 5.14 మీటర్లు. బంధువుల గ్రూపు ఫోటోలో వరసకు దాదాపు ఇద్దరు మనుషుల తేడా. అదే ఆరు మీటర్లు 28తో రావాలంటే 67 సెంటీమీటర్లు వెనక్కి జరగాలి. కల్యాణ మండపంలో గ్రూపులు స్టేజీ కింద నుంచి స్టూలెక్కి తీస్తారు కాబట్టి ఆ రెండడుగులు దొరుకుతాయి. పైగా 24 దగ్గర అంచున నిలబడ్డ పెద్దమ్మగారు పక్కకు సాగి లావుగా కనపడతారు. ఆ ఫోటో ఆమెకు నచ్చదు. ఇళ్ల ముందు ఇరుకు పందిళ్లలో ఎక్కువ పెళ్లిళ్లు తీసేవాళ్లైతే సిగ్మా 24-70 వైపు మొగ్గమనేవాళ్లం. అది టామ్రాన్ కంటే బరువు, ఫిల్టర్ సైజు 82. టామ్రాన్ 540 గ్రాములు, 67 సైజు. సాయంత్రం ఎదురుకోలు నుంచి తెల్లవారుజామున అప్పగింతల దాకా మెడలో వేలాడేది ఇదే, కాబట్టి బరువును కూడా ఖర్చులాగే లెక్కపెట్టాలి.

అపర్చర్ పూర్తిగా తెరవలేని చోటు

ఎఫ్/2.8 కొంటే అన్ని ఫ్రేములూ బాగుపడతాయనుకోవడం తప్పు. వెడల్పాటి అపర్చర్ వాడాలంటే ముఖాలన్నీ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి. పెళ్లి తంతులో ఇది ఒక్కో ఘట్టానికీ మారుతుంది.

జీలకర్ర-బెల్లం తీసుకోండి. వధూవరులు ఎదురెదురుగా కూర్చుని ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెడతారు. పక్కనుంచి చూస్తే రెండు ముఖాలూ ఒకే దూరం. 70 మి.మీ., రెండు మీటర్లు, ఎఫ్/2.8 అయితే స్పష్టంగా ఉండే లోతు సుమారు 14 సెంటీమీటర్లు. చాలు. తలంబ్రాలూ అంతే. ఈ రెండింటికీ లెన్స్ పెట్టుబడి పూర్తిగా గిట్టుబాటు.

మూడుముళ్ల దగ్గర పెళ్లికొడుకు ముఖం, పెళ్లికూతురి ముఖం మధ్య అర మీటరు దాకా తేడా వస్తుంది. 14 సెంటీమీటర్లలో ఇద్దరూ ఇమడరు. పెళ్లికూతురి కన్ను, ముడి వేసే వేళ్లు దాదాపు ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి అక్కడ ఫోకస్ పెట్టి వరుడి ముఖం కాస్త మెత్తగా పోనివ్వడం ఒక పద్ధతి. ఇద్దరూ స్పష్టంగా రావాలంటే మూడు మీటర్లకు జరిగి ఎఫ్/5.6 పెట్టాలి. అప్పుడు లోతు 60 సెంటీమీటర్లకు వస్తుంది. కానీ ఎఫ్/5.6 అంటే మళ్లీ పాత కిట్ లెన్స్ వెలుగే! ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఈ ఫ్రేమ్‌లో కిట్ లెన్స్‌తో సమానం. ఇక్కడ కావలసింది లైటు.

అందుకే లెన్స్ బడ్జెట్ నుంచి కొంత తీసి రెండో ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, లైట్ స్టాండ్, తెల్ల గొడుగు కొనిపించాం. కెమెరా మీద ఫ్లాష్‌ను సీలింగ్‌కు కొట్టి వెలుగు తెచ్చుకోవడం ఇళ్లలో బాగా పనిచేస్తుంది. మండపాల్లో పైన గులాబీ రంగు, పసుపు రంగు గుడ్డ కడతారు. ఆ రంగంతా ముఖాల మీదికి దిగుతుంది. సీలింగ్ ఇరవై అడుగులు దాటితే వెలుగు తిరిగి రానే రాదు. స్టేజీ మూలలో ఏడడుగుల ఎత్తున గొడుగుతో పెట్టిన ఫ్లాష్, మాన్యువల్‌లో 1/8 లేదా 1/16 పవర్ దగ్గర నుంచి మొదలుపెట్టి సర్దుకుంటే చాలు. స్టాండ్ కాళ్ల మీద ఇసుక సంచి తప్పనిసరి, పిల్లలు పరిగెత్తే చోటు అది.

85 ఎందుకు, 70-200 ఎందుకు కాదు

50 ఎఫ్/1.8 మీద వీళ్లకు కోపం ఉంది. తక్కువ వెలుగులో ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుకుతుంది, మోటార్ నెమ్మది, శబ్దం కూడా. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. దాన్ని అమ్మినా వచ్చేది కొద్దిమొత్తం, కాబట్టి అత్యవసరానికి బ్యాగులో ఉంచమన్నాం. రెండో బాడీకి 85 ఎఫ్/1.8 ఎంచుకున్నాం. 371 గ్రాములు, ఫిల్టర్ 67, అంటే టామ్రాన్‌కు వాడే ఫిల్టరే దీనికీ. ఎఫ్/2.8 కంటే 1.3 స్టాపుల వెలుగు ఎక్కువ. ఆటోఫోకస్‌కు కూడా అది ఉపయోగమే. ఏ7 త్రీ మైనస్ 3 ఈవీ (బాగా చీకటి) దాకా ఫోకస్ చేస్తుందని సోనీ ఇచ్చే లెక్క ఎఫ్/2 లెన్స్‌తో చెప్పింది. ఎఫ్/5.6 లెన్స్ పెడితే సెన్సార్‌కు మూడు స్టాపులు తక్కువ వెలుగు అందుతుంది, చీకటి ఊరేగింపుల్లో కిట్ లెన్స్ తడుముకునేది అందుకే.

85తో జాగ్రత్త ఒకటి ఉంది. రెండు మీటర్ల దగ్గర ఎఫ్/1.8లో లోతు ఆరు సెంటీమీటర్లే. ముఖం కాస్త పక్కకు తిరిగితే దగ్గరి కన్ను పదునుగా, అవతలి చెవి మెత్తగా వస్తుంది. ఒక్కరి పోర్ట్రెయిట్‌కు ఎఫ్/2, జంటకు ఎఫ్/4 అని ఇద్దరికీ ముందే చెప్పాం. అలాగే పెళ్లికూతురు తయారయ్యే పదికి పన్నెండు గదిలో దీన్ని బయటికి తీయకూడదు. రెండున్నర మీటర్ల నుంచి మీటరు వెడల్పే పడుతుంది. అక్కడ 28-75 చాలు.

ఉంగరాలకు, మెహందీకి మాక్రో లెన్స్ (చిన్న వస్తువులను బాగా దగ్గరగా తీసేది) కూడా జాబితాలో ఉండేది. టామ్రాన్ జీ2 75 మి.మీ. దగ్గర 38 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్తుంది, మెహందీకి అది ఎక్కువే. 28 దగ్గర 18 సెంటీమీటర్ల దాకా పోతుంది గానీ లెన్స్ నీడే వస్తువు మీద పడుతుంది. ఉంగరాలకు 85 వెనకాల 16 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య ఖాళీ గొట్టం) పెడితే సుమారు 11 సెంటీమీటర్ల వెడల్పు జాగా ఫ్రేమ్ నిండా వస్తుంది. ఏడాదికి కొద్ది ఫోటోల కోసం మాక్రో లెన్స్ అక్కర్లేదు.

ఇక 70-200. మన పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్ స్టేజీ మీదే, రెండు మూడు మీటర్లలో ఉంటాడు. కింద నుంచి టెలీతో (దూరం నుంచి దగ్గరికి లాగే 70-200 లాంటి లెన్స్‌తో) తీద్దామంటే మధ్యలో అక్షింతలు వేసేవాళ్లు, ఫోన్లు ఎత్తేవాళ్లు అడ్డం. టెలీ తప్పనిసరి అయ్యేది చర్చి పెళ్లిళ్లలో, అక్కడ వేదిక దగ్గరికి వెళ్లకూడదు, ఫ్లాష్ కూడా చాలాచోట్ల వద్దంటారు. వీళ్లకు అలాంటివి ఏడాదికి అయిదారు. అద్దె రోజుకు వెయ్యిన్నర అనుకుంటే తొమ్మిది వేలు. టామ్రాన్ 70-180 ఎఫ్/2.8 లాంటిది లక్షకు కొని, మూడేళ్ల తర్వాత అరవై అయిదు వేలకు అమ్మినా ఏడాదికి పన్నెండు వేలకు దగ్గరగా అరుగుదల, పైన లక్ష కట్టేసిన వడ్డీ. ఏడాదికి ఎనిమిది రోజులు దాటితే కొనాలి, లోపల ఉంటే అద్దె. ముందురోజు సాయంత్రమే తెచ్చుకుని తమ బాడీ మీద పెట్టి చూసుకోవాలన్నది మాత్రం గట్టిగా చెప్పాం.

కొన్నాక

లెన్స్ చేతికొచ్చిన రోజే పరీక్ష చేయాలి, మార్చుకునే గడువు దాటకముందే. ట్రైపాడ్ మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో, ఎఫ్/2.8లో, 28, 50, 75 మూడు చోట్లా దూరంగా ఉన్న అపార్ట్‌మెంట్ ముఖాన్ని నిటారుగా తీశారు. మూలలు మధ్యకంటే మెత్తగా ఉండటం మామూలే. ఎడమ మూల, కుడి మూల మధ్య తేడా ఉండకూడదు. ఉంటే లోపలి గాజు పక్కకు జరిగినట్టు. మొదట వచ్చిన టామ్రాన్‌లో 75 దగ్గర కుడి పక్క రెండు మూలలూ స్పష్టంగా మెత్తబడ్డాయి. కెమెరా గోడకు ఏటవాలుగా ఉన్నా ఇలాగే వస్తుంది కాబట్టి కెమెరాను తలకిందులుగా తిప్పి మళ్లీ తీశారు. మెత్తదనం కెమెరాతో పాటు భవనం రెండో వైపుకు మారింది, అంటే తప్పు లెన్స్‌దే. జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ ఉన్నాయి కాబట్టి షాపువాళ్లు మార్చి ఇచ్చారు. బిల్లు లేకుండా చవగ్గా తెచ్చుకుంటే ఈ వెసులుబాటు ఉండదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియోలు కట్టిన 18 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వదులుకోవాల్సి వస్తుంది.

మొదటి పెళ్లిలో ఊహించిన తప్పే జరిగింది. తమ్ముడు రాత్రంతా ఎఫ్/2.8లోనే తీశాడు. పీటల మీద పక్కపక్కన కూర్చున్న జంటను ఏటవాలుగా తీసిన ఫోటోల్లో దగ్గరున్నవాళ్లు స్పష్టం, అవతలివాళ్లు మెత్తన. రెండో పెళ్లికి ఏ7 త్రీలో మోడ్ డయల్ మీది 1, 2 మెమరీలు వాడించాం. ఒకటిలో ఎఫ్/2.8, 1/250, ఆటో ఐఎస్‌ఓ గరిష్ఠం 6400. రెండులో ఎఫ్/5.6, 1/125, ఫ్లాష్ ట్రిగ్గర్‌తో. ఘట్టం మారగానే డయల్ తిప్పడమే.

గోదావరి జిల్లాల తేమకు లెన్సుల్లో ఫంగస్ త్వరగా పడుతుంది. కిట్ లెన్స్‌ను టార్చి వేసి చూస్తే అంచున సాలెగూడు లాంటి పోగులు అప్పటికే ఉన్నాయి. కొత్తవాటిని దాంతో కలిపి ఒకే బ్యాగులో పెట్టొద్దన్నాం. డ్రై క్యాబినెట్ కొనేదాకా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టాలి. తోలు కేసుల్లో దాచకూడదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

ఇప్పటి జాబితాలో తర్వాతి పేరు 35 ఎఫ్/1.8. దాన్ని వచ్చే సీజన్ ఫైళ్లు చూశాకే తేలుస్తాం. 28-75తో తీసిన ఇండోర్ ఫోటోల్లో 30 నుంచి 40 మి.మీ. మధ్య ఐఎస్‌ఓ 6400కు తగిలినవి గుట్టగా కనపడి, అందులో ఫ్లాష్ పెట్టడానికి వీల్లేని ఘట్టాలు ఎక్కువైతే కొంటారు. లేకపోతే ఆ డబ్బు డ్రై క్యాబినెట్‌కు పోతుంది.